ఊట వాటా లెక్క: ఫ్లోరిడాలో భూగర్భ జల మోడల్‌తో నా అనుభవం

భూమి లోపల నీళ్లు ఎలా కదులుతాయో లెక్కగట్టే కంప్యూటరు మోడల్‌ను నేను సొంతంగా నడిపిన మొదటి రోజు, బోర్లు ఎంత ఎక్కువ తోడితే ఊటల్లో అంత ఎక్కువ నీళ్లు వచ్చాయి. పావుగంట సేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి తొంగి చూసి, "నువ్వు బోర్లు వెయ్యలేదు, భూమిలోకి నీళ్లు ఎక్కిస్తున్నావు" అన్నాడు. మేం వాడే మాడ్‌ఫ్లో ప్రోగ్రాంలో తోడే నీటికి ముందు మైనస్ గుర్తు పెట్టాలి. గుర్తు లేకపోతే ఆ నీళ్లను పైనుంచి లోపలికి పంపుతున్నట్టు లెక్క. నా ఫైల్లో వేల బోర్లున్నాయి. ఒక్కదానికీ మైనస్ లేదు.

మాది అనంతపురం జిల్లా, చిత్రావతి ఒడ్డున పల్లె. ఎమ్మెస్ చదవడానికి ఫ్లోరిడా వచ్చి, ఉత్తర ఫ్లోరిడాలో ఒక కన్సల్టింగ్ ఆఫీసులో చేరాను. భూగర్భ జలం అంటే నాకు అప్పటికి తెలిసింది ఒకటే: బోరు వేస్తే పడాలి, పడకపోతే ఇంకో బోరు వెయ్యాలి. ఈ ఉద్యోగంలో దానికి తలకిందులు ప్రశ్న ఎదురైంది. ఎంత తోడొచ్చు అని కాదు, ఏటికీ ఊటకూ చెరువుకూ ఎంత వదలాలి అని.

ఇక్కడ ఆ ప్రశ్న చట్టంలోనే ఉంది. 1972లో ఫ్లోరిడా ఒక జలవనరుల చట్టం తెచ్చి, తర్వాత రాష్ట్రాన్ని ఐదు నీటి నిర్వహణ జిల్లాలుగా పంచింది. ఒక్కో నదికీ ఊటకూ సరస్సుకూ కనీస ప్రవాహమో కనీస మట్టమో నిర్ణయించాలి. ఇంకా తోడితే ఆ నీటి వనరుకో, దాని మీద బతికే జీవజాలానికో గణనీయమైన హాని జరిగే గీత ఏదో, అదే కనీసం. హాని అంటే ఎంత అన్నదాని మీద పెద్ద వాదనలే నడుస్తాయి. చేపలకూ మిగతా జీవులకూ పనికొచ్చే నివాసం 15 శాతానికి మించి తగ్గితే హాని కింద లెక్క అన్నది చాలాచోట్ల వాడే కొలత. 15 ఎందుకు, 10 ఎందుకు కాదు అని అడిగితే సూటి జవాబు ఎవరూ చెప్పరు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారని నా అభిప్రాయం.

నాకు అప్పజెప్పింది ఇచటక్నీ అనే చిన్న నది ప్రాంతం. ఇది వాననీటితో పారే ఏరు కాదు. హెడ్ స్ప్రింగ్, బ్లూ హోల్ లాంటి కొన్ని ఊటలు నేల లోంచి ఎగదన్నితే పుట్టిన నది. ఆరు మైళ్లు పారి శాంటా ఫే నదిలో కలుస్తుంది, శాంటా ఫే పోయి సువానీలో కలుస్తుంది. ఎండాకాలమైనా చలికాలమైనా ఊటలో నీళ్లు 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు మహానంది కోనేరు గుర్తొచ్చింది. అడుగున పడిన నాణెం కనపడేంత తేట. తేడా అల్లా కొలతలో. ఇక్కడి లెక్కలో సెకనుకు 100 ఘనపుటడుగులు, అంటే మనం చెప్పే 100 క్యూసెక్కులు దాటితే దాన్ని మొదటి తరగతి ఊట అంటారు. బ్లూ హోల్ ఆ తరగతిదే. 100 క్యూసెక్కులు ఏడాది పొడుగునా పారితే 3 టీఎంసీలు దాటుతుంది. ఒక్క గుంత లోంచి!

ఇన్ని నీళ్లు ఎక్కడివంటే, కింద సున్నపురాయి. బెలుం గుహలు చూసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. ఆ గుహలన్నీ కప్పుదాకా నీళ్లతో నిండి, కొన్ని వందల మైళ్లు ఒకదాంట్లోంచి ఒకటి పారుతున్నట్టు అనుకోండి. ఫ్లోరిడన్ ఆక్విఫర్ అనే ఈ నీటిపొర ఫ్లోరిడా మొత్తం కిందా, జార్జియా, అలబామా, సౌత్ కరోలినాల్లో కొంతమేర కిందా, దాదాపు లక్ష చదరపు మైళ్లు పరుచుకుని ఉంది. శాంటా ఫే నది ఓలీనో పార్కు దగ్గర మొత్తంగా భూమిలోకి దిగిపోయి, మూడు మైళ్ల అవతల మళ్లీ పైకి లేస్తుంది. మా నాయనకు ఫోన్లో చెప్తే నమ్మలేదు. వీడియో పంపితే "ఇది రాముడి బాణం కథ మాదిరి ఉందే" అన్నాడు.

మోడల్ అంటే ఏం చేస్తామో చెప్తాను. మొత్తం ప్రాంతాన్ని గళ్లుగా కోస్తాం. ఒక్కో గడిలోకి వచ్చే నీళ్లు, పోయే నీళ్లు, నిల్వలో వచ్చే మార్పు సరిపోవాలి. 1856లో డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు ఇసుక గొట్టంలో కొలిచి చెప్పిన సూత్రం ప్రకారం, పక్క గడితో మట్టంలో తేడా ఎంత, మధ్యలో రాయి నీటిని ఎంత వదులుతుంది అన్నదాన్ని బట్టి నీరు కదులుతుంది. లక్షల గళ్లకు ఈ లెక్క ఒకేసారి తేలాలి, అందుకే కంప్యూటరు. మాడ్‌ఫ్లోను అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1980ల్లో రాసింది, ఉచితంగా ఇస్తుంది. మన దగ్గర చదివే పిల్లలు కూడా ఈ రాత్రే దించుకోవచ్చు. దించుకోవడం కష్టం కాదు, లోపల పెట్టాల్సిన అంకెలు సంపాదించడమే కష్టం.

ఇక్కడ రెండు నీటి జిల్లాలు కలిసి ఉత్తర ఫ్లోరిడాకూ ఆగ్నేయ జార్జియాకూ ఒక పెద్ద ప్రాంతీయ మోడల్ తయారుచేశాయి. ఏడు పొరలు, ఒక్కో గడి 2,500 అడుగులు పొడవు, అంతే వెడల్పు. అంటే ఒక్క గడి 143 ఎకరాలు. మా ఇంటి వసారా అంత లేని ఊట నోరు, 143 ఎకరాల గడిలో కూర్చుంటుంది. రెండు జిల్లాలూ ఎందుకు కలిశాయంటే, నీటిపొరకు జిల్లా సరిహద్దు తెలియదు. జాక్సన్‌విల్ వైపు దశాబ్దాలుగా తోడగా తోడగా, భూగర్భ జలం ఇటు సువానీ వైపు పారేదా అటు తూర్పుకు పారేదా అని విడదీసే నీటి గట్టు నెమ్మదిగా ఇటు జరిగింది. ఒకప్పుడు సువానీకి వచ్చే నీళ్లలో కొన్ని ఇప్పుడు అటు పోతున్నాయి. మా ఊరి పొలంగట్టు రాత్రికి రాత్రి జరిగితే కొడవళ్లు లేస్తాయి. ఈ గట్టు యాభై ఏళ్లలో మైళ్లు జరిగినా ఎవరికీ కనపడలేదు.

ఆ పెద్ద మోడల్ లోంచి ఒక ముక్క కోసి, ఇచటక్నీ చుట్టూ గళ్లను ఇంకా చిన్నవి చేసి, ఊటల సంగతి సూక్ష్మంగా చూడటం నా పని. ఊటను మోడల్లో పెట్టే పద్ధతి చాలా సాదా. చుట్టూ నీటిపొర మట్టానికీ, ఊట గుంటలోని నీటి మట్టానికీ ఉన్న తేడాను ఒక వాహకత అంకెతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. అంతే. ఈ సాదా గుణకారంలోనే ఫ్లోరిడా కష్టం మొత్తం ఉంది. ఇది బల్లపరుపు నేల. ఆ తేడా 4 అడుగులే ఉందనుకుందాం. పంపుల వల్ల నీటిపొర 1 అడుగు దిగితే ఊటలో నాలుగోవంతు పోయినట్టే. మా ఊళ్లో బోర్లు 100 అడుగులు దిగాక గానీ జనం మాట్లాడుకోరు. ఇక్కడ ఒక అడుగు కోసం నాలుగేళ్లు వాదిస్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఈ గుణకారం ఒకసారి చేతితో చేసి చూశాక రాలేదు.

మైనస్ గుర్తు సరిచేశాక అసలు కథ మొదలైంది: మోడల్‌ను నిజానికి దగ్గరగా సర్దడం. కాలిబ్రేషన్ అంటారు. పరిశీలక బావుల్లో కొలిచిన మట్టాలు ఒక పక్క, మోడల్ చెప్పే మట్టాలు ఒక పక్క. రెండూ కలిసేదాకా రాతి గుణాలను మార్చుకుంటూ పోవాలి. చేత్తో చేస్తే జన్మ సరిపోదు కాబట్టి పెస్ట్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, అది రాత్రంతా వందలసార్లు మోడల్‌ను నడిపి సర్దుతుంది. మూడు వారాలకు నా బావులన్నీ అద్భుతంగా కలిశాయి. చాలావాటిలో తేడా అడుగు, రెండడుగులు. గ్రాఫులు రంగుల్లో అచ్చువేసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని తాకలేదు. "ఊటలెంత?" అన్నాడు.

ఊటలు కొలిచినదాంట్లో సగమే వస్తున్నాయి.

ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక సంచిలో కడితే, అందులో అన్నిటికన్నా బరువైనది ఇదే. బోర్లు లేవనుకుని, వాన లోంచి కిందికి ఇంకే నీటిని రెట్టింపు చేయండి, రాయి నీటిని వదిలే గుణాన్నీ ఊట వాహకత అంకెనూ కూడా రెట్టింపు చేయండి. బావుల్లో మట్టాలు అంగుళం కూడా మారవు. ఎక్కువ నీళ్లు వస్తాయి, అంతే తేలిగ్గా పోతాయి. మారేది ఊటల్లో ప్రవాహం ఒక్కటే, అది రెట్టింపవుతుంది. అంటే బావి మట్టాలు ఎన్ని వేలు కొలిచినా, భూమి లోపల ఎంత నీరు కదులుతోందో వాటిని బట్టి చెప్పలేం. ఊట దగ్గర నిలబడి ప్రవాహం కొలిచిన మనిషే చెప్పగలడు. నేను బావుల మీద పడి, ప్రవాహాలకు తూకం తక్కువ పెట్టాను. పెస్ట్ పాపం, ఏది ముఖ్యమని చెప్తే దానికే పరిగెత్తింది.

తర్వాతి వారం పెద్దాయన నన్ను హైవే 27 వంతెన దగ్గరికి తీసుకెళ్లాడు. ఇచటక్నీ ప్రవాహాన్ని కొలిచే కేంద్రం అక్కడుంది. చిన్న పడవకు ఒక పరికరం కట్టి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు లాగుతారు. అది శబ్ద తరంగాలు పంపి నీటి వేగం, లోతు కొలుస్తుంది. కొలిచేవాడు ఒక్కోసారి నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగి సగటు తీస్తాడు. ఉత్త మట్టం చూసి ప్రవాహం చెప్పడం ఊట నదుల్లో కుదరదని అక్కడే తెలిసింది. నీటిగడ్డి దట్టంగా పెరిగితే నీరు నెమ్మదించి మట్టం పైకి లేస్తుంది, ప్రవాహం పెరిగిందని కాదు. కింద శాంటా ఫేకు వరదొస్తే నీళ్లు వెనక్కి తన్ని మట్టం లేస్తుంది, ఊట తగ్గుతుంది. మట్టం ఒక పక్కకు, నీళ్లు ఇంకో పక్కకు. ఆఫీసులో కూర్చుని ఒక్క కాలమ్‌గా చూసే అంకె వెనక ఇంత ఉంది.

రెండో తలనొప్పి తోడకం ఫైలు. పట్టణాల నీటి సరఫరాకు మీటర్లు ఉన్నాయి. సమస్య పొలాలది. సువానీ లోయలో వేరుశనగ వేస్తారు! ఇంత దూరం వచ్చి మా జిల్లా పంట చూసి కడుపు నిండినట్టయింది. పెద్ద చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పివట్ గొట్టం కింద, పచ్చగా, తీరుగా. మాది మాత్రం వాన దేవుడి దయ. ఈ పొలాల బోర్లలో చాలావాటికి నీటి మీటర్లు లేవు. ఉపగ్రహ చిత్రాల్లో పంట విస్తీర్ణం చూసి, ఏ పంట ఎంత తాగుతుందో లెక్కగట్టి కొంత, మోటారు కరెంటు వాడకాన్ని బట్టి కొంత అంచనా వేస్తారు. కరెంటు యూనిట్లను నీటి గ్యాలన్లుగా మార్చే ఈ ఉపాయం నాకు బాగా నచ్చింది. మన దగ్గర పని చేయదు. 2004 నుంచి వ్యవసాయ కరెంటు ఉచితం, యూనిట్లు ఎవరు రాశారు?

ఇవన్నీ సరిపడి, ఊటలు కూడా కలిశాక, అసలు పరుగు. ఒకే మోడల్ రెండుసార్లు. మొదటిసారి బోర్లన్నీ ఉన్నది ఉన్నట్టు. రెండోసారి బోర్లన్నీ ఆపేసి. వాన అదే, రాయి అదే, నది అదే. రెండు ఫలితాల తేడాయే బోర్లు ఊట నుంచి తీసుకున్న వాటా. 1940లోనే థీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ మాట చెప్పాడు: బావి నుంచి వచ్చే ప్రతి చుక్కా ముందు భూమిలోని నిల్వ లోంచి వస్తుంది, చివరికి వేరే ఎక్కడో బయటికి పోవాల్సిన నీటిని ఆపి వస్తుంది, లేదా కొత్తగా లోపలికి లాక్కుని వస్తుంది. ఊరికే పుట్టే నీరు లేదు. బోరువాడి నీళ్లు ఎవరి వాటా లోంచి, అన్నదే మోడల్ చెప్పే సంగతి. రేపు ఊటలో సరిగ్గా ఎన్ని క్యూసెక్కులు ఉంటాయో చెప్పమంటే తడబడుతుంది. తేడా ఎంతో అడిగితే చాలా మేలు, ఎందుకంటే రెండు పరుగుల్లోనూ ఉన్న తప్పుల్లో చాలావరకు తీసివేతలో పోతాయి.

ఇది ప్రజల ముందు చెప్పాల్సి వచ్చింది. ఊరి హాల్లో మీటింగు, మడత కుర్చీలు, వెనక బల్ల మీద కుకీలు. నేను స్లైడ్లు మార్చే మనిషిని మాత్రమే. ముసలావిడ ఒకామె లేచి, "నా ఆరేళ్లప్పుడు ఈ ఊట మధ్యకు ఈదలేకపోయేదాన్ని, నీళ్లు తోసేసేవి. ఇప్పుడు నా మనవరాలు అక్కడ నిలబడి ఫొటో దిగుతోంది. దీనికి కంప్యూటరు కావాలా?" అంది. తర్వాత ఒక వేరుశనగ రైతు లేచాడు. వానలు తక్కువైన ఏళ్లలో ఊట తగ్గితే నా పంపును ఎందుకంటారు అన్నాడు. చేతులు చూస్తే మా చిన్నాయనవే అనిపించాయి. ఇద్దరూ నిజమే చెప్పారు. ఊట రికార్డు మాత్రమే చూస్తే వాన ఎంత, పంపు ఎంత అని విడదీయలేం. అందుకే రెండు పరుగులు. ఆ సంగతి పెద్దాయన బాగానే చెప్పాడు. రైతు తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు కనపడలేదు. ఆయన స్థానంలో నేనుంటే నేనూ ఒప్పుకోను.

జనం కోపమంతా వేరే దాని మీద ఉంది. శాంటా ఫే ఒడ్డున గిన్నీ ఊటల దగ్గర సీసా నీళ్ల కోసం రోజుకు దాదాపు 10 లక్షల గ్యాలన్లు తోడే పర్మిటు గురించి ఏళ్ల తరబడి గొడవ జరిగింది, 2021లో పర్మిటు ఇచ్చారు. 10 లక్షల గ్యాలన్లు అంటే ఒకటిన్నర క్యూసెక్కు. ఊళ్లూ పొలాలూ తోడేదాని ముందు చాలా చిన్నది. మోడల్లో ఆ ఒక్క బోరు ఆపి చూస్తే ఊటలో తేడా గీత మందం కూడా ఉండదు. కానీ ఊట నీళ్లు సీసాలో పోసి లారీ ఎక్కిస్తుంటే కళ్లకు కనపడుతుంది. వెయ్యి పివట్లు కనపడవు. నేను జనాన్ని తప్పుపట్టను. అంకె చిన్నదే, ఆ కోపం మాత్రం నాకు అర్థమవుతుంది.

కనపడే సాక్ష్యం ఇంకోటుంది, సువానీ ఒడ్డున వైట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో. వందేళ్ల కిందట గంధకపు ఊట నీళ్లలో మునిగితే రోగాలు పోతాయని రైలెక్కి వచ్చేవాళ్లు. ఊట చుట్టూ కట్టిన స్నానశాల కాంక్రీటు గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి, లోపల ఊట ఆగిపోయింది. నేను వెళ్లినప్పుడు అడుగున ఆకులు కుళ్లుతున్న నీళ్లు కొన్ని. నదికి వరదొస్తే ఏటి నీళ్లే తిరిగి లోపలికి పోతాయట.

చెరువుల సంగతి ఇంకో రకం. కీస్టోన్ హైట్స్ దగ్గర బ్రుక్లిన్ సరస్సు అడుగు సున్నపురాయి పొరకు కారుతూ ఉంటుంది, కింద నీటిపొర దిగితే పైన సరస్సు వేగంగా ఖాళీ అవుతుంది. మట్టం దిగిపోయిన ఏళ్లలో పడవల కోసం కట్టిన చెక్క రేవులు గడ్డి మీద నిలబడ్డాయి. అక్కడ బోర్లు తగ్గించడం ఒక్కటే చాలదని తేలి, బ్లాక్ క్రీక్ అనే ఏటిలో వానాకాలపు మిగులు నీటిని పైపులో తెచ్చి నింపే పథకం పెట్టారు. కరువు సీమ నుంచి వచ్చినవాణ్ని కదా, నాకు హంద్రీనీవా గుర్తొచ్చింది. కొలత మాత్రం పోల్చకూడదు.

మన లెక్కల పద్ధతి ఇక్కడికొచ్చాకే కొత్తగా చదివాను. దేశమంతా వాడే భూగర్భ జల అంచనా విధానంలో ఏడాదికి ఇంకే నీటిలో సహజంగా బయటికి పోయే భాగం కింద 5 లేదా 10 శాతం పక్కన పెట్టి, మిగిలింది తోడుకోవచ్చని రాసుకోవడం మామూలు. ఏ ఏరు, ఏ ఊట, ఎన్ని నీళ్లు కావాలి అని అడగదు. తోడకం 70 శాతం లోపు ఉంటే ఆ మండలం సురక్షితం. ఏరు ఎండినా మండలం సురక్షితంగా ఉండొచ్చు. మా చిత్రావతి ఇసుకలో చెలమ తీస్తే చేతి లోతులో నీళ్లు ఊరేవని అమ్మ చెప్తుంది. ఊట కాలువలు తవ్వి ఏటి ఇసుక లోంచి మడికి నీళ్లు పారించేవాళ్లట. ఆ ఊటను క్యూసెక్కుల్లో కొలిచినవాళ్లు లేరు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా పీజోమీటర్లు మట్టాలు కొలుస్తున్నాయి. నేను మూడు వారాలు చేసిన తప్పు గుర్తుంది కదా, అది ఇదే: మట్టాలు ఉన్నాయి, ప్రవాహం లేదు.

నిరుడు సంక్రాంతికి ఈ కథంతా నాయనకు చెప్తే, "మన ఏటికి కూడా వేసి చూడు" అన్నాడు. బోర్ల లిస్టు కావాలి నాయనా అన్నాను, ఉత్తిపుణ్యానికి. వారం తర్వాత వాట్సాప్‌లో నోటుబుక్కు పేజీల ఫొటోలు వచ్చాయి. సైకిలు వేసుకుని ఊరి పొలాలన్నీ తిరిగినట్టున్నాడు. రైతు పేరు, ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాల నీళ్లు, మోటారు ఎన్ని హెచ్పీ. మొత్తం 214. అందులో 131కి ఎదురుగా ఇంటూ గుర్తు. పడనివి.

ఫోన్ చేసి, ఇంటూ పెట్టినవి వద్దు నాయనా, నీళ్లు తోడనివి మోడల్లోకి రావు అని చెప్పాను.

"రావా?"

"సున్నా నీళ్లు కదా. పెట్టినా ఒకటే, పెట్టకున్నా ఒకటే."

కాసేపు మాట్లాడలేదు. "సరేలే. అప్పు మాత్రం సున్నా కాలేదు రా వాటికి," అని, అమ్మకు ఫోనిచ్చాడు.